చిన్న యాక్సిడెంట్, 3 వేలు ఇచ్చి పంపించేశాను. ఇప్పుడు 60 వేలు ఇవ్వకపోతే కేసు పెడతామంటున్నారు (తిరుపతి)

బైరాగిపట్టెడ_బాబు | సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా అన్నం సహించడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పోయిన వారం ఆదివారం సాయంత్రం ఆరున్నరప్పుడు లీలామహల్ సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్ కింద కారు ఎడమకు తిప్పుతున్నాను. ఇండికేటర్ వేశాను. ఎడమ పక్కనుంచి స్కూటర్ మీద ఒక అబ్బాయి వచ్చాడు, ఇరవై ఏళ్లుంటాయేమో. నా బంపర్ మూల అతని స్కూటర్ వెనక భాగానికి తగిలింది. పడిపోయాడు. మోకాలి దగ్గర ప్యాంటు చినిగి, చర్మం లేచిపోయి రక్తం వచ్చింది. ఒక చెప్పు రోడ్డు మధ్యలో పడి ఉంటే నేనే పరిగెత్తి తెచ్చిచ్చాను. లేచి నిలబడ్డాడు, నడిచాడు కూడా.

రెండు నిమిషాల్లో ఇరవై మంది చేరారు. నాకు చేతులు వణికిపోతున్నాయి. ఒక పెద్దాయన "ఏదో ఒకటి ఇచ్చి పంపించప్పా, స్టేషన్‌దాకా ఎందుకు" అన్నాడు. అక్కడే 3 వేలు ఫోన్‌పే చేశాను. నంబర్లు ఇచ్చుకున్నాం. అంతే, ఇంటికొచ్చేశాను.

నిన్న అబ్బాయి మేనమామను అంటూ ఒకాయన ఫోన్ చేశాడు. ఎంఆర్ఐ తీస్తే లిగమెంట్ చిరిగిందని వచ్చిందట. 60 వేలు ఇవ్వాలి, లేకుంటే కేసు పెడతాం, నీ కారు స్టేషన్‌లో పెట్టిస్తాం అన్నాడు. నాకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, లైసెన్స్ ఉంది, తాగలేదు. కానీ పోలీసులకు చెప్పలేదు, ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పలేదు. ఇచ్చేసి వదిలించుకోనా? ఏం చేయాలో చెప్పండి.

కొర్లగుంట_కుర్రోడు | సోమవారం, రాత్రి 9:58

నంబర్ బ్లాక్ చెయ్ అన్నా. 3 వేలు తీసుకున్నాడంటే అక్కడితో సెటిల్ అయిపోయినట్టే. ఎనిమిది రోజుల తర్వాత లిగమెంట్ ఎక్కడిది? బెదిరిస్తున్నారు, అంతే.

చిత్తూరు_వకీలు | సోమవారం, రాత్రి 10:31

బ్లాక్ చేయొద్దు. దయచేసి ఆ పని మాత్రం చేయొద్దు. పందొమ్మిదేళ్లుగా మోటారు ప్రమాదాల కేసులే చూస్తున్నాను. రాజీతో పోవాల్సిన వ్యవహారాలు ఫోన్ స్విచాఫ్ వల్ల కోర్టుకు రావడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

బాబు గారూ, ముందు భయం ఎంతవరకు పడాలో తెలుసుకోండి. ఇందులో రెండు వేర్వేరు వ్యవహారాలున్నాయి. ఒకటి పోలీసు కేసు. రెండోది పరిహారం కేసు, మన కోర్టుల్లో ఎంవీఓపీ అంటాం. పోలీసు కేసులో డ్రైవర్ నిందితుడు. పరిహారం కేసు డ్రైవర్ మీద, ఓనర్ మీద, బీమా సంస్థ మీద కలిపి వేస్తారు. మీ పాలసీ అమల్లో ఉండి, లైసెన్స్ సరిగ్గా ఉంటే, ట్రైబ్యునల్ (ఈ పరిహారం కేసులు విచారించే కోర్టు) వేసిన పరిహారం కట్టాల్సింది బీమా సంస్థే. గాయాలకు, మరణానికి థర్డ్ పార్టీ కవర్‌లో పరిమితి లేదు. ఇతరుల ఆస్తి నష్టానికి మాత్రం కార్లకు మామూలుగా 7.5 లక్షల దాకా ఉంటుంది. ఏటా ప్రీమియం కట్టేది దీనికోసమే కదా.

మరి చేతినుంచి 60 వేలు ఎందుకు ఇవ్వాలి? ఇచ్చి కాగితం రాయించుకున్నా, రేపు ఎంవీఓపీ వేయకుండా ఆ కాగితం ఆపుతుందన్న గ్యారంటీ లేదు. పైగా మీ పాలసీ తీసి షరతులు చదవండి. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదు, డబ్బు ఇవ్వకూడదు, ఇస్తానని మాట ఇవ్వకూడదు అని స్పష్టంగా ఉంటుంది. చాలామంది ఆ పేజీ తిప్పి కూడా చూడరు.

బైరాగిపట్టెడ_బాబు | సోమవారం, రాత్రి 10:44

సార్, అయితే ఆ 3 వేలు ఇచ్చినందుకే నా ఇన్సూరెన్స్ పోయినట్టా? గుండె జారిపోయింది ఇది చదివి.

చిత్తూరు_వకీలు | సోమవారం, రాత్రి 10:52

పోలేదు. గాయపడిన మూడో వ్యక్తికి ఇవ్వాల్సిన పరిహారం ఎగ్గొట్టడానికి బీమా సంస్థకు చట్టం ఇచ్చిన కారణాలు కొన్నే. లైసెన్స్ లేకపోవడం, పర్మిట్ ఉల్లంఘన, ప్రీమియం అందకపోవడం, అలాంటివి. మీరు రోడ్డు మీద చికిత్సకని 3 వేలు ఇవ్వడం ఆ లెక్కలోకి రాదు. కానీ మీ కారు సొంత రిపేరు క్లెయిమ్ దగ్గర ప్రశ్నలు వేస్తారు. ఇచ్చింది దాచొద్దు. "చికిత్స కోసం ఇచ్చాను" అని ఉన్నది ఉన్నట్టు రాయండి. ఫోన్‌పే రికార్డు ఉంది కాబట్టి ఒకరకంగా మంచిదే. అదే చేతికి నోట్లు ఇచ్చి ఉంటే ఆ మాత్రం రుజువూ లేదు.

రేపు పొద్దున చేయాల్సిన పని స్టేషన్‌కు వెళ్లడం. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగితే గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలి, 24 గంటల లోపు దగ్గరి స్టేషన్‌లో చెప్పాలి, బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి. 24 గంటలు దాటిపోయింది, నిజమే. అయినా వెళ్లండి. వాళ్లు ఫిర్యాదు ఇచ్చాక మీరు వెళ్లడం వేరు, మీ అంతట మీరు ముందే వెళ్లడం వేరు.

ఖాకీ_రిటైర్డ్ | మంగళవారం, ఉదయం 6:15

హెడ్ కానిస్టేబుల్‌గా రిటైర్ అయ్యాను. ట్రాఫిక్‌లోనూ లా అండ్ ఆర్డర్‌లోనూ చేశాను. వకీలు సారు చెప్పింది సరైన మాట. స్టేషన్‌లో ఏం జరుగుతుందో తెలియకే జనం భయపడతారు కాబట్టి చెబుతున్నాను.

తెల్ల కాగితం మీద అర్జీ రాసుకో నాయనా. పెద్ద కథ వద్దు. తేదీ, సమయం, చోటు. కారు నంబరు, స్కూటర్ నంబరు. నువ్వు ఎటునుంచి ఎటు పోతున్నావు, ఏ భాగానికి ఏ భాగం తగిలింది. అబ్బాయికి ఎక్కడ గాయమైంది, లేచి నడిచాడా. 3 వేలు ఎలా ఇచ్చావు. ఇంతకాలం ఎందుకు రాలేదో ఒక వాక్యం, "చిన్న గాయమే అనుకుని రాలేదు" అని. లైసెన్స్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ జిరాక్సులు జతచెయ్. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకో. జనరల్ డైరీలో, అంటే స్టేషన్ రోజువారీ రిజిస్టర్‌లో, ఎంట్రీ పడితే ఆ నంబరు రాసుకో. ముద్ర పడిన ఆ ప్రతి బీరువాలో భద్రంగా ఉండాలి.

"నేను స్పీడుగా పోయాను", "నాదే తప్పు", "వాడిదే తప్పు" ఇవేమీ రాయొద్దు. జరిగింది రాయి, తీర్పు రాయొద్దు.

వాళ్లు ఫిర్యాదు ఇస్తే ఎఫ్ఐఆర్ పడుతుంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 279 సెక్షన్ ఇప్పుడు 281, ర్యాష్ డ్రైవింగ్. మామూలు గాయమైతే 125 ఏ కూడా కలుపుతారు, దానికి ఆరు నెలల దాకా జైలు లేదా 5 వేల జరిమానా. తీవ్ర గాయమని డాక్టర్ రాస్తే 125 బి, మూడేళ్ల దాకా ఉంటుంది. భయపడొద్దు, ఇవన్నీ బెయిల్ ఇవ్వదగ్గవే. చాలావరకు అరెస్టు చేయకుండా, హాజరు కమ్మని 35(3) నోటీసు ఇచ్చి పిలుస్తారు. కారును మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ చూసి రిపోర్ట్ ఇస్తాడు, తర్వాత వదిలేస్తారు.

ఒక్కటి అడగాలి. బంపర్ సొట్ట తీయించేశావా?

బైరాగిపట్టెడ_బాబు | మంగళవారం, ఉదయం 6:50

లేదు సార్. ఈ శనివారం టింకరింగ్‌కు ఇద్దామనుకున్నాను.

ఖాకీ_రిటైర్డ్ | మంగళవారం, ఉదయం 6:58

ఇవ్వొద్దు. నీ సాక్షి ఆ సొట్టే. దెబ్బ మూలన తగిలిందా, ముందు తగిలిందా అన్నది దాన్ని చూస్తేనే తెలుస్తుంది. పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తియ్. కారు మొత్తం కనపడేలా ఒకటి, దగ్గర నుంచి నాలుగు. గుద్దిన వెంటనే రిపేరు చేయించుకుని, తర్వాత "ముందు నుంచి గుద్దాడు" అంటే జవాబు చెప్పలేక ఇబ్బంది పడ్డవాళ్లను చూశాను.

రేణిగుంట_సర్వేయర్ | మంగళవారం, ఉదయం 9:20

బీమా సర్వేయర్‌ని. కంపెనీ టోల్ ఫ్రీకి ఫోన్ చేసి "చెప్పేశాను" అనుకోకండి. ఫోన్ చేయండి, రిఫరెన్స్ నంబర్ తీసుకోండి, ఆ వెంటనే పాలసీ మీదున్న మెయిల్‌కు రాయండి. పాలసీ నంబరు, ప్రమాదం తేదీ సమయం చోటు, నడిపినవారి పేరు, లైసెన్స్ నంబరు, గాయపడ్డవారి వివరాలు, వచ్చిన ఫోన్ కాల్ సంగతి అన్నీ అందులో ఉండాలి. సమాచారం ఇవ్వడం వేరు, రిపేరు క్లెయిమ్ వేయడం వేరు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుందని భయపడి చాలామంది అసలు చెప్పనే చెప్పరు. ఆ బోనస్ మీ కారు రిపేరు క్లెయిమ్‌కు సంబంధించింది. దానికోసం ఇది దాచుకుంటే ఎలా?

తర్వాత కోర్టు నుంచి, లాయర్ నుంచి ఏ కవరు వచ్చినా స్కాన్ తీసి అదే మెయిల్‌కు పంపండి. పంపినట్టు రుజువు ఉంచుకోండి.

తిరుచానూరు_టీచరమ్మ | మంగళవారం, ఉదయం 11:05

అన్నీ చదివాను. నాకు ఒక బాధ కలిగింది. తప్పు ఒప్పుకోవద్దు, మాట ఇవ్వొద్దు అంటున్నారు. బిడ్డ కింద పడితే "అయ్యో నాయనా, క్షమించు" అనడం కూడా నేరమేనా? అంత లెక్కలు వేసుకుని మాట్లాడే మనిషిని చూస్తే అవతలివాళ్లకు కడుపు మండదా?

చిత్తూరు_వకీలు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

అమ్మా, మీ ప్రశ్న చాలా ముఖ్యం. "దెబ్బ ఎక్కడ తగిలింది నాయనా, నడువు హాస్పిటల్‌కు పోదాం" అనండి. నీళ్లు ఇవ్వండి. పక్కన కూర్చోండి. 108కు ఫోన్ చేయండి. దీంతో మీ కేసు బలహీనపడదు, ఇంకా బలపడుతుంది, ఎందుకంటే చట్టం చేయమన్నదే అది. నేను వద్దనేది ఒక్కటే. ఎవరి తప్పు ఎంత అన్నది రోడ్డు మీద, వణుకుతున్న చేతులతో, వాట్సాప్ మెసేజ్‌లో తేల్చొద్దు. ఆ క్షణంలో ఇద్దరికీ ఏం జరిగిందో పూర్తిగా తెలియదు. అబ్బాయి ఎడమ పక్కనుంచి ఓవర్‌టేక్ చేశాడేమో, ఈయన అద్దం చూసుకోలేదేమో. ట్రైబ్యునల్‌లో చాలాసార్లు ఇద్దరికీ కొంత కొంత తప్పు పంచుతారు.

బాబు గారూ, ఆ రోజు చేయాల్సింది డబ్బు ఇవ్వడం కాదు, రుయాకో దగ్గర్లోని ఇంకో హాస్పిటల్‌కో తీసుకెళ్లి ఎంఎల్‌సీ (ప్రమాదం కేసుగా డాక్టర్ గాయాలు నమోదు చేయడం) చేయించడం. ఆ రోజే డాక్టర్ మోకాలు చూసి రాసి ఉంటే, ఇప్పుడు లిగమెంట్ ఈ ప్రమాదంలో చిరిగిందా, పాతదా అన్న గొడవ ఉండేది కాదు. ఆ కాగితం ఆ అబ్బాయినీ కాపాడేది, మిమ్మల్నీ కాపాడేది.

పుత్తూరు_అక్క | మంగళవారం, మధ్యాహ్నం 3:12

నేను అవతలి పక్క నుంచి రాస్తున్నాను. కోపం తెచ్చుకోకండి.

మూడేళ్ల కిందట మా తమ్ముడు డెలివరీ పని చేసేవాడు. ఒక కారు తగిలి పడ్డాడు. వాడూ లేచి నడిచాడు. వాడూ 2 వేలు తీసుకుని "పర్లేదు సార్" అన్నాడు, ఇంకా మూడు ఆర్డర్లు ఇవ్వాల్సి ఉందని. నాలుగో రోజుకు మోకాలు గుమ్మడికాయలా ఉబ్బింది. మెట్లు దిగుతుంటే కాలు పక్కకు జారిపోయేది. స్కాన్‌కే డబ్బుల్లేవు. ఆ కారాయనకు ఫోన్ చేశాం. మొదటిరోజు ఎత్తాడు, "డ్రామాలు ఆడొద్దు" అన్నాడు. రెండోరోజు నుంచి బ్లాక్. మేము కేసు వేసింది ఆ మాటకే. ఆయన "అమ్మా, నా ఇన్సూరెన్స్ కాపీ ఇదిగో, మీరు క్లెయిమ్ వేసుకోండి, నేను వచ్చి చెబుతాను" అని ఉంటే ఆయన మీద మాకు కోపమే ఉండేది కాదు.

లిగమెంట్ దెబ్బ అప్పటికప్పుడు తెలియదు అన్నా. ఎనిమిది రోజుల తర్వాత చెప్పారంటే అబద్ధమని అనుకోవద్దు. అబద్ధం కూడా కావచ్చు. రిపోర్ట్ చూడకుండా ఎలా తెలుస్తుంది?

కొర్లగుంట_కుర్రోడు | మంగళవారం, సాయంత్రం 4:40

అక్కా, బ్లాక్ చెయ్యమని రాసింది నేనే. ఇది చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ తమ్ముడు ఇప్పుడు బాగున్నాడా?

పుత్తూరు_అక్క | మంగళవారం, సాయంత్రం 5:02

బాగున్నాడు తమ్ముడూ. ఆపరేషన్ అయింది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది, డబ్బు బీమా వాళ్లే ఇచ్చారు. బండి మాత్రం నడపడం లేదు, షాపులో కూర్చుంటున్నాడు.

చంద్రగిరి_కోట | మంగళవారం, రాత్రి 8:25

నా కథ కూడా పెడతాను, ఎవరికైనా ఉపయోగపడుతుందని.

తిరుపతిలో యాక్సిడెంట్ అయితే కేసు తిరుపతిలోనే పడుతుందని అనుకోవద్దు. నా కారు అలిపిరి దగ్గర ఒక బైక్‌కు తగిలింది. వాళ్లు వేలూరు నుంచి దర్శనానికి వచ్చినవాళ్లు. ఏడాది తర్వాత మా ఇంటికి ఒక కవరు వచ్చింది, లోపల అంతా తమిళం. మాకెవరికీ చదవడం రాదు. మా నాన్న దాన్ని టీవీ కింద సొరుగులో పెట్టాడు. మరో రెండు వచ్చాయి, అవీ అందులోనే. అవి వేలూరు ట్రైబ్యునల్ సమన్లు. పరిహారం కోరేవాళ్లు ప్రమాదం జరిగిన చోటే కాదు, తాము ఉండే ఊళ్లో కూడా వేసుకోవచ్చట. నేను పోలేదు కాబట్టి ఎక్స్‌పార్టీ అయ్యాను, అంటే నేను లేకుండానే కేసు నడిచింది. బీమా వాళ్ల లాయర్ "డ్రైవర్‌కు లైసెన్స్ ఉన్నట్టు రుజువు లేదు" అన్నాడు. లైసెన్స్ నా పర్సులోనే ఉంది! చూపించడానికి నేను లేను. పరిహారం కంపెనీ ముందు కట్టి, ఓనర్ దగ్గర వసూలు చేసుకోవచ్చని తీర్పు వచ్చింది. నా లైసెన్స్ పట్టుకుని ఆ తీర్పు తీయించుకోవడానికి వేలూరుకు ఎన్నిసార్లు తిరిగానో, ఎంత ఖర్చయిందో. ఇరవై నిమిషాల పని చేయనందుకు రెండేళ్లు పోయాయి.

తిరుపతిలో బండి నడిపేవాళ్లందరూ ఇది గుర్తుపెట్టుకోండి. ఇక్కడ రోడ్డు మీద సగం బండ్లు తమిళనాడువీ కర్ణాటకవీ. ఏ భాషలో కవరు వచ్చినా తెరిచి, అదే రోజు ఎవరితోనైనా చదివించుకోండి.

చిత్తూరు_వకీలు | మంగళవారం, రాత్రి 9:10

దీనికి ఒక మాట కలుపుతాను. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో పరిహారం కేసు ఆరు నెలల్లోపే వేయాలన్న గడువు పెట్టారు, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ ఆ గడువును సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. కాబట్టి ఆరు నెలలు గడిచాయని ఫోటోలు, కాగితాలు పారేయకండి.

అలిపిరి_ట్రావెల్స్ | మంగళవారం, రాత్రి 10:05

బాబు గారిది సొంత కారు, సొంత పని, కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ఇది చదివేవాళ్లలో వైట్ బోర్డు కారులో కాణిపాకం, శ్రీకాళహస్తి, శ్రీపురం ట్రిప్పులు వేసేవాళ్లు ఉంటారు. పక్కింటోళ్లే కదా, డీజిల్ డబ్బులు, పైన వెయ్యి అని. ప్రైవేటు కారు బాడుగకు తిప్పుతుండగా యాక్సిడెంట్ అయితే పాలసీ షరతు తప్పినట్టే, చివరికి భారం మన నెత్తిన పడుతుంది. నాకు నాలుగు ఎల్లో బోర్డు బండ్లున్నాయి, ట్యాక్స్ కట్టలేక ఎన్నిసార్లు ఏడ్చానో నాకు తెలుసు. అయినా వైట్ బోర్డు బాడుగ మాత్రం వద్దు.

ఇంకొకటి. వట్టి థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే, మన కారులో మనతో కూర్చున్న బావమరిదికో స్నేహితుడికో దెబ్బ తగిలితే అది కవర్ చేయదు. ప్యాకేజీ పాలసీ, అంటే ఫుల్ ఇన్సూరెన్స్ అయితేనే వాళ్లూ వస్తారు. ఫ్యామిలీతో కొండకు పోయేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఘాట్_రోడ్డు_డాష్‌క్యామ్ | బుధవారం, ఉదయం 7:30

లీలామహల్ దగ్గర షాపుల బయట కెమెరాలు ఉంటాయి అన్నా. రికార్డింగ్ కొద్ది రోజులకే పాతదాని మీద కొత్తది పడిపోతుంది. పది రోజులయింది, అయినా ఈ రోజే వెళ్లి అడుగు. షాపు ఓనర్ ఇవ్వనంటే, ఏ షాపు కెమెరా ఎటు చూస్తుందో నీ అర్జీలో రాయి, పోలీసులు తెప్పించగలరు.

డాష్‌క్యామ్ ఉన్నవాళ్లకు: వీడియో ముక్కలు కట్ చేయొద్దు, ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. మెమరీ కార్డు తీసి కవర్‌లో వేసి తేదీ రాసి పెట్టుకోవాలి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ అడుగుతారు. వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన వీడియో కంటే అసలు కార్డుకు విలువ ఎక్కువ.

గ్రీమ్స్‌పేట_గృహిణి | బుధవారం, ఉదయం 10:15

చిన్న సందేహం. మా పాత కారు రెండేళ్ల కిందట అమ్మేశాం. డబ్బు తీసుకుని పేరు మార్పిడికి 29, 30 ఫారాల మీద సంతకాలు చేసి ఇచ్చాం. ఆర్‌సీ ఇంకా మా ఆయన పేరు మీదే చూపిస్తోంది. కొన్నాయన యాక్సిడెంట్ చేస్తే మాకేమైనా అవుతుందా?

చిత్తూరు_వకీలు | బుధవారం, ఉదయం 10:40

అవుతుంది అమ్మా. ఆర్‌టీఓ రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో ఆయనే ఓనర్ అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కారు చేతులు మారినా ఆ పేరు మారేదాకా మీ ఆయనకే సమన్లు వస్తాయి. ఈ రోజే కొన్నాయనకు ఫోన్ చేయండి. వినకపోతే అమ్మిన కాగితాలతో ఆర్‌టీఓ ఆఫీసుకు వెళ్లి రాతపూర్వకంగా తెలియజేయండి.

బైరాగిపట్టెడ_బాబు | శనివారం, రాత్రి 8:50

అందరికీ అప్‌డేట్.

మంగళవారం స్టేషన్‌కు వెళ్లాను. ఖాకీ సార్ చెప్పినట్టే అర్జీ రాసుకెళ్లాను. స్టేషన్ రైటర్ గారు చదివి, "ముందే వచ్చుంటే బాగుండేది" అన్నారు తప్ప ఏమీ అనలేదు. ముద్ర వేసిచ్చారు. సాయంత్రం బీమా వాళ్లకు మెయిల్ పెట్టాను, మరుసటి రోజు జవాబు, నంబరు వచ్చాయి. షాపు కెమెరాలో నా ఇండికేటర్ వెలుగుతున్నట్టు కనపడింది, తగిలిన చోటు మాత్రం ఆటో అడ్డుగా ఉంది. అదీ ఉన్నది ఉన్నట్టే ఇచ్చాను.

గురువారం మా అన్నయ్యను వెంటబెట్టుకుని ఆ అబ్బాయి ఇంటికి వెళ్లాను. వెళ్లొచ్చా లేదా అని వకీలు సార్‌కు ఇక్కడే మెసేజ్ పెట్టి అడిగాను. వెళ్లు, డబ్బు మాట ఎత్తొద్దు, ఆరోగ్యం అడుగు అన్నారు. రేకుల ఇల్లు. అబ్బాయి మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు, మోకాలికి బ్రేస్. నేను తెచ్చిచ్చిన ఆ చెప్పు గుమ్మం పక్కనే ఉంది. వాళ్ల నాన్న రిపోర్ట్ చేతిలో పెట్టాడు. చిరుగు నిజమే, కొంత మేర. ఆపరేషన్ అక్కర్లేదు, ఫిజియోథెరపీ చేయించాలన్నారట.

60 వేలు ఎలా లెక్కకట్టారని అడిగాను. ఆయన తల దించుకుని, "నాకేం తెలుసు సామీ, మా బావమరిది అంత అడగమన్నాడు, మా అబ్బాయి రెండు నెలలు పనికి పోలేడు కదా" అన్నాడు. నా పాలసీ జిరాక్స్ ఇచ్చాను. మీరు ఫిర్యాదు ఇవ్వండి, పరిహారం కేసు వేసుకోండి, నేను పారిపోను అని చెప్పాను. ఉచితంగా లాయర్ కావాలంటే న్యాయ సేవల సంస్థ వాళ్ల 15100 నంబరు కూడా రాసిచ్చాను. వాళ్లమ్మ మజ్జిగ ఇచ్చింది.

నిన్న ఫిర్యాదు ఇచ్చారు. 281, 125 ఏ కింద ఎఫ్ఐఆర్ అయింది. నోటీసు తీసుకున్నాను. కారును ఇన్‌స్పెక్టర్ చూశాడు, ఈ రోజు తెచ్చుకున్నాను. ఎఫ్ఐఆర్ అంటే ఏదో అయిపోతుందనుకున్నాను, కానీ ఇన్ని రోజుల తర్వాత నిన్న రాత్రే నిద్ర పట్టింది.

ఒక్క ప్రశ్న మిగిలింది. కోర్టులో తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టేస్తే ఒక్కరోజులో అయిపోతుందని స్టేషన్ బయట ఒకాయన చెప్పాడు. అలా చేయనా?

చిత్తూరు_వకీలు | శనివారం, రాత్రి 9:35

తొందరపడొద్దు. ఫైన్ చిన్నదే, కానీ ఆ ఒప్పుకోలు కాపీని పరిహారం కేసులో "నిర్లక్ష్యంగా నడిపానని డ్రైవరే ఒప్పుకున్నాడు" అని దాఖలు చేస్తారు. మీ ఇండికేటర్ వీడియో, ఎడమ పక్కనుంచి వచ్చాడన్న మాట, రెండూ బలం కోల్పోతాయి. పైగా అది శిక్ష కిందే లెక్క. రేపు ఉద్యోగంలో ఎక్కడైనా కేసుల గురించి అడిగితే రాయాల్సి వస్తుంది, దాస్తే అది ఇంకో తప్పు. ముందు ఛార్జిషీటు రానివ్వండి, అందులో ఏం రాశారో చదువుదాం.

ఎంవీఓపీలో సమన్లు వచ్చినప్పుడు కంపెనీ లాయర్ ఉన్నాడు కదా అని ఊరుకోకండి. ఆయన కంపెనీ పక్షాన వస్తాడు, మీ పక్షాన కాదు. మీ వకాలత్ మీరు వేయండి. లైసెన్స్, పాలసీ, ఆర్‌సీ మొదటి వాయిదాలోనే దాఖలు చేయండి. కౌంటర్ (కేసుకు మీరిచ్చే రాతపూర్వక జవాబు) మీద సంతకం పెట్టే ముందు ప్రతి పేరా చదవండి, ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పించుకోండి. మీరు స్టేషన్‌లో ఇచ్చిన అర్జీలో ఒకటి ఉండి, కౌంటర్‌లో ఇంకొకటి ఉండకూడదు.

బైరాగిపట్టెడ_బాబు | శనివారం, రాత్రి 9:48

సరే సార్. ముద్ర పడిన ప్రతి, మెయిల్ ప్రింటు, సొట్ట ఫోటోలు, ఫోన్‌పే రసీదు అన్నీ ఒకే ఫైల్లో పెట్టాను. రేపు బంపర్ రిపేరుకు ఇవ్వొచ్చా?

రేణిగుంట_సర్వేయర్ | శనివారం, రాత్రి 10:02

కంపెనీకి రిపేరు క్లెయిమ్ వేయాలనుకుంటే సర్వే అయ్యేదాకా ఆగండి. సొంత డబ్బుతో చేయించుకునేట్టయితే ఇచ్చేయండి, ఇన్‌స్పెక్టర్ రిపోర్ట్ అయిపోయింది కాబట్టి ఇబ్బంది లేదు. బిల్లు మీద కారు నంబరు, తేదీ రాయించి అదే ఫైల్లో పెట్టండి.